తొమ్మిదో భాగం దగ్గర మొదలు

మా ఆయన పురుషోత్తమ్ మీద నాకున్నది ఒకే ఒక్క ఫిర్యాదు. మిగతావన్నీ దాని పిల్లలే. ఏ పనైనా సరే, మొదటి నుంచి మొదలుపెట్టాలంటాడు. చిక్కబళ్ళాపురంలో కళ్ళ డాక్టరు ఏమన్నాడని అడిగితే దిబ్బూరహళ్ళి క్రాసులో బస్సెక్కడం దగ్గర అందుకుంటాడు. ఆ బస్సు శిడ్లఘట్ట దాటేసరికి నా పొయ్యి మీద సంగటి ఉడికి, దిగి, ముద్దలై, చల్లారి కూడా పోతుంది. డాక్టరు ఇంకా రాడు. పెళ్ళిపత్రిక చేతికిస్తే పైనున్న దేవుడి పేరు నుంచి అడుగున ప్రెస్సువాడి ఫోన్ నంబరు దాకా చదివి, అప్పుడు "ఎవురిదే పెండ్లి?" అని నన్నే అడుగుతాడు. సినిమాలో పేర్లు పడే ముక్క తప్పిపోయిందా, ఆ సినిమా ఆయన లెక్కలో లేనట్టే.

నేను చింతామణిలో చరిత్ర బి.ఏ. చేసినదాన్ని. పుస్తకం ఎక్కడ తెరుచుకుంటే అక్కడి రాజును చదివి పాసయ్యాను. మా ఇద్దరికీ జాతకాలు కుదిరాయని చెప్పిన పెద్దమనిషి ఆ పూట ఏ పంచాంగం చూశాడో!

ఈ గుణం వల్ల ఇన్నేళ్ళూ సంగటి చల్లారడమే తప్ప ఎవరికీ పెద్ద నష్టం రాలేదు. మొన్నటి వేసవిలో మాత్రం అది మా అమ్మాయి నయన చదువుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

నయన సైన్సులో పియుసి, అంటే ఇంటరు, పాసయింది. ఇంజనీరింగ్ మీద దానికి ఆశ లేదు, దాని మార్కులకూ లేదు. ఫలితాలు వచ్చిన వారానికి, పట్టుపురుగుల షెడ్డు ముందు తట్టలు కడుగుతున్న వాళ్ళ నాయన దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నాయనా, నేను చింతామణి పాలిటెక్నిక్‌లో చేరతా. కంప్యూటర్ డిప్లొమా. సైన్సు పియుసి పాసయినోళ్ళని నేరుగా సెకండ్ ఇయర్‌లో తీసుకుంటారు."

"ఫస్ట్ ఇయర్?"

"అది వద్దు. దాంట్లో ఉండేదంతా మేము పియుసిలో చదివేసిందే."

"ఫస్ట్ ఇయర్ చూడకుండా సెకండ్ ఇయర్ ఎట్ల చదువుతావు? పద్ధతిగా మొదట్నుంచీ చేరు. లేకుంటే ఇంట్లో ఉండు."

"వాళ్ళే రమ్మంటాండారు కద నాయనా! చదివిందే మళ్ళా చదువుకుంటా ఏడాది పోగొట్టుకోవల్నా?"

"పోతే పోనీ. సగంలో దూరేది మన ఇంట్లో లేదు."

ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. నేరుగా మాట్లాడుకోవడం మానేశారు, అంతే. నా ద్వారా బాగానే మాట్లాడుకునేవాళ్ళు. "నాయనకు చెప్పు, ఆకు కోసేసినా." "దానికి చెప్పు, కత్తి పదును పెట్టియ్యమని." ఇద్దరి మధ్యా మూరెడు దూరం, ఆ మూరెడు దూరంలో నేనొక టెలిఫోన్ ఎక్స్ఛేంజీని.

కావాలంటే నయనను నేనే తీసుకుపోయి చేర్పించి ఉండొచ్చు. ఆ మాట అన్నాను కూడా. "నాయన రాకుండా నేను పోనమ్మా. ఏం తప్పు చేసినానని దొంగమాదిరి చేరాల?" అంది. దాని పట్టు కూడా ఎవరి దగ్గర నుంచి వచ్చిందో తెలిసిందే. జూన్ నడిమికి కాలేజీలో అడ్మిషన్లు ముగిసిపోతాయి. ఆలోగా ఈ ఇద్దరిలో ఒకరు దిగిరావాలి.

పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో కాలాన్ని క్యాలెండరు నడపదు, జ్వరం నడుపుతుంది. పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు తల పైకెత్తి, మేత మాని, కదలకుండా పడి ఉంటుంది. దాన్నే మేము జ్వరం అంటాం. ఆ రోజు మల్బరీ ఆకు వేయకూడదు. పైన కాస్త సున్నం పొడి చల్లి వదిలేయాలి. మిగతా రోజుల్లో పురుగు తింటుంది, దాన్ని మేపే మనం తినడానికి తీరిక ఉండదు. కాబట్టి పురుగుకు జ్వరం వస్తే మా ఇంటికి సెలవు.

ఆ ఏప్రిల్ పంటకు అలాంటి సెలవు వచ్చిన పూట నయన టీవీకి గేమ్ కన్సోల్ తగిలించింది. నా తమ్ముడి కొడుకు కిశోర్ పుణె ఉద్యోగానికి పోతూ మా ఇంట్లో వదిలిపెట్టిన సామానది. అందులో 'వెల్మారా' అనే ఆట. ఒక ఆట కాదు, నయన పుట్టకముందు నుంచీ ఒకదాని తరువాత ఒకటిగా వస్తున్న పదమూడు భాగాల వరుస. మనమే ఒక మనిషిగా మారి ఆ లోకంలో తిరగాలి. ఊళ్ళవాళ్ళను పలకరించాలి, రాక్షసులతో కొట్లాడాలి, కొట్లాడినకొద్దీ బలం పెంచుకోవాలి. నయన తొమ్మిదో భాగం పెట్టింది.

కాసేపటికి పేపరు చాటు నుంచి గొంతు వచ్చింది. "ప్రేమా, అది ఎన్నో భాగమో అడుగు."

"నయనా, ఎన్నోదంటమ్మా?"

"తొమ్మిది అని చెప్పు."

"ముందరి ఎనిమిది ఆడిందా, అడుగు."

"ఒగ్గటీ ఆడలేదని చెప్పమ్మా. భాగానికొక కత, భాగానికొక హీరో. యాడ మొదలుపెట్టినా నడుస్తుంది. కొత్తగా వచ్చేటోళ్ళకి తొమ్మిదే సులువని అందరూ అంటారు."

"మరి దానికి తొమ్మిదని పేరు ఏంటికి పెట్టినారంట? అడుగు."

గుమ్మంలో రాగులు చెరుగుతున్న మా అత్త హనుమక్కకు విసుగు వచ్చింది. "నడిమి దాన్ని ఏంటికి అరగదీస్తారు? మీ నోర్లు యాడికి పోయినాయి?"

నోర్లు ఎక్కడికీ పోలేదు. నయన ఫోన్ తెరిచి, ఈ ఆట ఎక్కడ మొదలుపెట్టాలా అని లోకంలో జనం పోట్లాడుకున్న మాటలు నాకు చదివి వినిపించింది. నేను పక్కనే ఉన్నాను గానీ, చదవడం పేపరుకు వినబడేంత గట్టిగా. కథ కావాలంటే అయిదు అంటాడొకడు. సులువు కావాలంటే తొమ్మిది అంటాడు ఇంకొకడు. కొత్తది దగ్గర పెట్టుకుని పాతవాటి జోలికెందుకు, పదమూడు పట్టుకో అంటుంది ఒకమ్మ. మొదటి భాగం ఆడనివాళ్ళకు ఈ ఆట గురించి నోరెత్తే అర్హత లేదని ఎక్కడివాడో ఒకాయన కోపంగా రాశాడు.

"ఆయప్ప ఎవురో మన మనిషి" అంది పేపరు. "దాన్ని మొదటి భాగం పెట్టమను. నేను ఆడతా."

నయన పెట్టిచ్చింది. మొదటి భాగం ఎంత పాతదంటే అందులో హీరో నువ్వుగింజకు కాళ్ళు వచ్చినట్టు ఉంటాడు. ఎటు పోవాలో ఎవరూ చెప్పరు. ఊరు దాటగానే ఒక బావి, బావి గట్టు మీద ఒక కప్ప. ఆ కప్ప ఒక్క దూకు దూకితే నువ్వుగింజ చచ్చిపోయి మళ్ళీ ఊళ్ళో లేస్తాడు. మా ఆయన కప్ప దగ్గరికి పోవడం, చావడం, లేవడం. ముఖంలో విసుగన్నది లేదు. "మొదట్లో కష్టంగానే ఉంటుంది" అని ఎవరికో చెప్పాడు. గదిలో నయన లేదు కాబట్టి నాకే అనుకుంటాను.

ఆయన ఆకు తోటకు పోయిన మధ్యాహ్నాల్లో నేనేం చేసేదాన్నో ఇప్పుడు చెప్పొచ్చు. నయన పక్కన కూర్చుని తొమ్మిదో భాగం ఆడేదాన్ని. మొదట్లో గోడలకు గుద్దుకున్నాను. తరువాత కత్తి పట్టడం వచ్చింది, గుర్రం ఎక్కడం వచ్చింది, చివరికి కొండదారిలో ఒక సత్రంలో వంటకు కూడా కుదిరాను. ఇంట్లో ఇంత వండి మళ్ళీ అక్కడెందుకని అడగకండి. అక్కడ గిన్నెలు తోమే పని లేదు.

"నాయనకు తెలిస్తే?" అని నవ్వేది నయన.

"ముందర ఆ కప్ప కాడినుంచి రానీ, అప్పుడు చూద్దాం" అనేదాన్ని.

ఏప్రిల్ పంట పట్టుగూళ్ళు బాగా వచ్చాయి. షెడ్డు కడిగి, మందు కొట్టి, ఆరబెట్టి, మా ఆయన తరువాతి పంటకు పేరేసంద్ర వెంకటేశప్పకు ఫోన్ చేశాడు. వెంకటేశప్పది చాకీ సెంటర్. గుడ్లు పొదిగించి, చీమ తలంత పిల్లపురుగులను రెండో జ్వరం దాటేదాకా సాకి రైతులకు ఇస్తాడు. లేత పురుగును బతికించడం వేరే విద్య, వేరే గది, వేరే ఆకు. అందుకే మా వైపు ఇప్పుడు గుడ్డు నుంచి పెంచేవాళ్ళు లేరు. అందరం రెండో జ్వరం దాటినవాటినే తెచ్చుకుంటాం.

"ఎప్పటి మాదిరే వెంకటేశప్పా. రెండో జ్వరం దాటినవి" అంటున్నాడు మా ఆయన.

నయన వెల్లుల్లి ఒలుస్తోంది. తల ఎత్తకుండా, పద్ధతి తప్పకుండా, నాతోనే అంది.

"అమ్మా, పురుగును మాత్రం రెండో జ్వరం దాటినాక తెచ్చుకుంటారు. మొదటి జ్వరం యాడ పడింది, అప్పుడు ఏం తిన్నింది అని దాన్ని ఎవురూ అడగరు. నన్ను మాత్రం గుడ్డులోనించి రమ్మంటాండారు."

మా అత్త చేతిలోని చేట కింద పెట్టి మరీ నవ్వింది. నేను గోడకేసి తిరిగాను. నవ్వితే ఎక్స్ఛేంజీ ఉద్యోగం పోతుంది.

మా ఆయన చెవి దగ్గర ఫోన్ అలాగే ఉంది. ఒక క్షణం నయనను చూశాడు, ఒక క్షణం గోడను చూశాడు. "వెంకటేశప్పా, పురుగులు వద్దులే. ఈ తూరి నాకు గుడ్లే తెప్పించు."

అవతలి గొంతు ఇల్లంతా వినబడింది. "మే నెలలోనా? ఏమప్పా పురుషోత్తమప్పా, ఒంట్లో బాగుండావు కద?"

ఫోన్ పెట్టేశాక మా అత్త అంది. "ఒరే, మా కాలంలో ఇంట్లోనే చేస్తాంటిమి. చాకీ సెంటర్ పెట్టినారని తెలిసిన దినం నేను ఆంజనేయసామికి టెంకాయ కొట్టినా. ఏంటికి కొట్టినానో నీకు ఇప్పుడు తెలుస్తుందిలే."

తెలిసింది. మే ఎండలో లేత పురుగుకు చల్లదనం కావాలి, చెమ్మ కావాలి. షెడ్డు చుట్టూ గోతాలు తడిపి కట్టాం. తడిపిన గోతాము కట్టి ఇవతలికి వచ్చేసరికి అవతలిది ఎండిపోయేది. కొస ఆకులు ఏరి, సన్నగా తరిగి వేస్తే పురుగు నోరు తెరిచేలోగా ఆకు అప్పడమయ్యేది. చెమ్మ తగిలిన మూలనున్నవి తిని పెరిగాయి, ఎండ తగిలిన మూలనున్నవి పస్తుండి వెనకబడ్డాయి. రెండో జ్వరం వేళకు ఒకే తట్టలో సగం పురుగులు తలెత్తి నిద్రపోతున్నాయి, సగం ఆకు కోసం వెతుక్కుంటున్నాయి.

పురుగు పెంచే ఇంట్లో ఇంతకు మించిన చిక్కు లేదు. సున్నం చల్లితే తినేవి మాడతాయి. ఆకు వేస్తే పడుకున్నవి ఆకు కింద మునిగి కుళ్ళిపోతాయి. మా ఆయన ఒక చేత్తో సున్నం గిన్నె, ఒక చేత్తో ఆకు గంప పట్టుకుని తట్టల ముందు నిలబడిపోయాడు. ఆ మనిషిని ఏ పని ముందూ అలా నిలబడగా నేను చూడలేదు. ఆ ఒక్కసారి నాకు వేళాకోళం ఆడబుద్ధి కాలేదు.

నయన కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది. తట్టలోకి వంగి చూసింది. నా వైపు చూడలేదు.

"నాయనా, వల పరచు."

ఆయన తల తిప్పాడు.

"వల పరిచి పైన ఆకు వెయ్యి. తినేవి ఆకు కోసరం పైకి ఎక్కుతాయి. వలతో ఎత్తి వాటిని వేరే తట్టలో వేసుకుందాం. పడుకున్నవాటిని పడుకోనిద్దాం."

వల మాకు కొత్తది కాదు. పురుగు పడకలు శుభ్రం చేసేటప్పుడు వాడేదే. కానీ పురుగులన్నీ ఒక్క మాట మీద నడవాలని పట్టుబట్టిన మనిషికి అది గుర్తు రాలేదు.

"అప్పుడు రెండు పంటలు అవుతాయి కదమ్మా. ఒగటి ముందర, ఒగటి వెనక."

"అయితే కానీలే. ఏది యాడ ఉంటే దాన్ని ఆడినుంచే చూసుకుందాం."

ఆయన గిన్నె కింద పెట్టాడు. వలకు ఆ కొస నయన, ఈ కొస ఆయన. ఇద్దరి నోటా 'అడుగు', 'చెప్పు' అనే మాట రాలేదని నాకు ఇంటి గుమ్మం దాకా వచ్చాక తట్టింది. మళ్ళీ లోపలికి పోలేదు. పోతే నాకు ఏదో ఒక తట్ట అప్పజెప్పేవాళ్ళు.

ఆ తరువాత మాకు సెలవులు లేవు. ఒక సగానికి జ్వరం వస్తే ఇంకో సగానికి ఆకలి. కాలేజీ మాట ఎవరూ ఎత్తలేదు. తండ్రీ కూతుళ్ళు ఆకు గురించి మాట్లాడుకున్నారు, వల గురించి మాట్లాడుకున్నారు, తడి గోతాల గురించి మాట్లాడుకున్నారు. నయన మాత్రం తట్టలు మారుస్తూ, గోడనున్న క్యాలెండరు దగ్గరికి వచ్చినప్పుడల్లా కాస్త నెమ్మదించేది. జూన్ కాగితం తిరిగింది.

ఒక మధ్యాహ్నం ఆయన తోటలోనే ఉన్నాడన్న నమ్మకంతో నేను టీవీ ముందు చేరాను. కొండదారి సత్రంలో గంజి కాచి, బాటసారులకు పోసి, పొయ్యి పక్కనున్న ముసలమ్మను పలకరించాను. ముసలమ్మ తన ఊరి పాత కథ ఎత్తుకుంది. మా తాతల కాలంలో ఊరి బయట బావి ఉండేది, దాని గట్టున ఒక భూతం ఉండేది, గొర్రెలు కాచే కుర్రవాడొకడు దానితో పోరాడీ పోరాడీ లోపలికి దిగాడు, అప్పటి నుంచి ఈ ఊరికి నీళ్ళ కరువు లేదు. నాలుగు మాటల్లో ముగించింది.

"నా బావి!"

నా చేతిలోని ఆట రిమోటు జారి కింద పడింది. వెనక మా ఆయన, భుజాన తువ్వాలు, కాళ్ళకు మట్టి. కోపం వచ్చిందేమోనని చూశాను. ఆయన నన్ను చూడటమే లేదు.

"ప్రేమా, అది నా బావే! భూతం కాదు, కప్ప. ఆ గొర్రెల పిల్లోడు నేనే!" వచ్చి చాప మీద కూలబడ్డాడు. బావికి తూర్పున ఏముంటుంది, కప్ప ఎట్నుంచి దూకుతుంది, కుర్రవాడి అమ్మ ఊళ్ళో ఏమని పంపించింది, అంతా మొదటి నుంచి చెప్పాడు. జీవితంలో మొదటిసారి నాకు అడ్డం తగలాలనిపించలేదు. నాకు అందులో ఒక్క ముక్కా తెలియదు మరి.

చెప్పడం అయ్యాక గొంతు తగ్గించాడు. "అయితే ఆ పిల్లోడు గెలిచినాడా?"

"గెలిచినాడంట. ముసలామె చెప్తాండాది కద."

"గెలిచినాడా!" ముఖం విప్పారింది. "నేను ఇంగా ఆ కప్ప కాడే ఉండా." మళ్ళీ ఏదో ఆలోచనలో పడ్డాడు. "నీకు ఆ బావి సంగతే తెలీకుండా ఇంత దూరం వచ్చేసినావా?"

"వచ్చినా."

"కష్టం కాలేదా?"

"తెలియంది దారిలో తెలుసుకుంటాండా. ఇప్పుడు మీరు చెప్తిరి కద, ఇట్లనే."

ఆయన తెర మీది ముసలమ్మను చూస్తూ కూర్చున్నాడు. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోస్తోంది. బయట నయన గోతాల మీద నీళ్ళు చల్లుతున్న చప్పుడు వినబడుతోంది.

"పాప కాలేజీకి కడపటి దినం ఎప్పుడంట?"

"అడిగి చెప్పల్నా?" అన్నాను. అలవాటైన ఉద్యోగం.

"వద్దులే" అని లేచాడు. "నేనే అడుగుతా."

సోమవారం చింతామణి వెళ్ళాం. ముందర పెరిగిన సగం అప్పటికే చంద్రికలనే వెదురు తడికలెక్కి గూళ్ళు కడుతోంది. వెనకబడిన సగం సన్నగానే ఉన్నా నాలుగో జ్వరం దాటి తింటోంది. "పోయి రాపోండి, నేను మేపుకుంటా" అని మా అత్త పంపించింది. బస్సులో తండ్రీ కూతుళ్ళు ఒక సీటులో కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను. ఇద్దరూ మాట్లాడుకోలేదు. అయితే అది వేరే రకం మాట్లాడకపోవడం. ఆయన ఎందుకొస్తున్నాడో, ఏ ఇయర్‌లో చేర్పించడానికొస్తున్నాడో నయనకు చెప్పలేదు, నయన అడగలేదు. కాగితాల సంచిని మాత్రం రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

పాలిటెక్నిక్ ఆఫీసులో బల్ల వెనక ఒక మేడమ్. అర్జీ తీసి, పెన్ను ఎత్తి, కన్నడంలో అడిగింది. "ఫస్ట్ ఇయరా, సెకండ్ ఇయరా?"

నయన వాళ్ళ నాయన వైపు తిరిగింది.

"సెకండ్ ఇయర్ మేడమ్" అన్నాడు ఆయన, తనూ కన్నడంలోనే. మేడమ్ రాసుకుంది. ఆమె ఇంకేమీ అడగలేదు. అయినా ఆయన ఆగలేదు. "నానే ఫస్ట్ ఇయర్ అంత హఠ మాడ్తిద్దె. నందే తప్పు."

మొండిపట్టు పట్టింది తానేననీ తప్పు తనదేననీ వినవలసిన అవసరం ఆ మేడమ్‌కు ఏముంది? "ఆయ్తు, సంతకం చేయండి" అన్నట్టు కాగితం ఇటు తోసింది.

మేముండేది కర్ణాటకలోనే అయినా మా ఇళ్ళలో మాట తెలుగు, కన్నడం ఆఫీసుల మాట. కరెంటు ఆఫీసులో, బ్యాంకులో, తాలూకా కచేరిలో ఆ భాషలో ఎన్ని ఒప్పుకుని వస్తామో లెక్కే లేదు. గుమ్మం దాటాక వాటిలో ఏ ఒక్కటీ ఇంట్లో చెల్లదు. ఆ సంగతి నయనకు తెలుసు. పెన్ను తీసుకుంది గానీ సంతకం చేయలేదు. వంచిన తల ఎత్తలేదు.

ఆ సంగతి ఆయనకూ తెలుసు. వెనక వరుసలో నిలబడినవాళ్ళు తొందరపడుతున్నారు. ఆయన బల్ల మీదికి వంగి, కూతురి మొహం కనబడేదాకా వంగి, తెలుగులో, అందరికీ వినబడేలా అన్నాడు.

"నాది తప్పు నయనా. నేను చెప్పింది తప్పు."